మోడు అడుగున దాగిన అడవి

నల్గొండ జిల్లాలో దేవరకొండ దాటి చందంపేట వైపు వెళ్లేటప్పుడు ఎండాకాలంలో కనిపించే గుట్టలను ఎవరైనా బోడిగుట్టలనే అనుకుంటారు. దగ్గరికి వెళ్తే రాళ్ల సందుల్లో మోదుగ, తునికి, చిరుమాను మోళ్లు కనిపిస్తాయి. ఏటా గొడ్డలికీ మేకలకూ బలై మోకాలెత్తు దాటలేకపోతున్న ఆ పొదల కింద ఎన్నో ఏళ్ల వయసున్న వేర్లు సజీవంగా ఉంటాయి. ఆకురాల్చే అడవుల్లోని చాలా చెట్లు తమ ఆహారాన్ని పిండిపదార్థంగా వేర్లలో దాచుకుంటాయి కాబట్టి, కాండం పోయినా మొదలు దగ్గర నిద్రాణంగా ఉన్న మొగ్గలు పిలకలు వేస్తాయి. నర్సరీ నుంచి తెచ్చి గుంతలో పెట్టిన మొక్కకు ఇంత లోతైన వేరు ఉండదు. మొదటి ఎండాకాలాన్ని దాటడమే దానికి గండం.

ఈ సంగతిని పెద్ద ఎత్తున నిరూపించింది ఆఫ్రికాలోని నైజర్ దేశం. నాటిన మొక్కల్లో అధికభాగం ఎండిపోవడం చూసి విసిగిన ఆస్ట్రేలియా వ్యవసాయ నిపుణుడు టోనీ రినాడో, పొలాల్లో పిచ్చిపొదలుగా కనిపిస్తున్నవి నిజానికి నరికిన చెట్ల పిలకలని గుర్తించి, 1983 నుంచి రైతులతో వాటిని పెంచే పని మొదలుపెట్టారు. గుంపుగా లేచిన పిలకల్లో నిటారుగా ఉన్న రెండు మూడింటిని ఉంచి మిగతావి కోసేస్తారు. ఉంచిన వాటికి సగం ఎత్తు వరకు పక్కకొమ్మలు తీసేస్తారు. అంతే పని. కాలక్రమంలో సుమారు 50 లక్షల హెక్టార్లలో 20 కోట్ల చెట్లు ఇలా లేచాయని అంచనా. అయితే కత్తిరింపు ఒక్కటే ఇందుకు కారణం కాదు. చెట్లు సర్కారువన్న కట్టుబాటు సడలి, పెంచినవారికే కలప దక్కుతుందన్న నమ్మకం కుదిరాకే రైతులు వాటిని కాపాడారు.

ప్రపంచంలో 2015–2025 మధ్య ఏటా సుమారు 1.09 కోట్ల హెక్టార్ల అడవి పోయిందని ఐక్యరాజ్యసమితి ఆహార, వ్యవసాయ సంస్థ లెక్క. ఉష్ణమండలంలో అడవి పోయిన నేలల్లో దాదాపు 21.5 కోట్ల హెక్టార్లలో అది సహజంగా తిరిగి పెరిగే అవకాశం ఉందని 2024లో నేచర్ పత్రికలో వచ్చిన అధ్యయనం అంచనా వేసింది. మన తెలంగాణలో 2015లో మొదలైన హరితహారం 230 కోట్ల మొక్కల లక్ష్యంలో కొంత భాగాన్ని పాత అడవుల పునరుద్ధరణతో సాధిస్తామంది, కానీ ఎక్కువ భాగం నాటడమే. నాటిన మొక్కను లెక్కపెట్టడం తేలిక, లేవనిచ్చిన పిలకకు లెక్క కట్టేవారు ఎవరు?

ఈ పద్ధతికీ హద్దులున్నాయి. పైమట్టి కొట్టుకుపోయి, మోడు కూడా మిగలని చోట మొక్కలు నాటక తప్పదు. సర్కారుతుమ్మ కమ్మేసిన బీళ్లలో పరిస్థితి మరీ విచిత్రం: అన్నిటికంటే జోరుగా పిలకలు వేసేది అదే, నరికినకొద్దీ చిక్కబడుతుంది. ఇక నల్లమలలో అసలు చిక్కు మంటలతోనే. మాఘ, ఫాల్గుణాల తర్వాత రాలిన ఆకుల మీదుగా నేలబారుగా పాకే మంట పెద్ద చెట్లను అంతగా బాధించదు కానీ, లేత పిలకలను కాల్చేస్తుంది. వేరు బతికే ఉంటుంది గనుక మళ్లీ చిగురిస్తుంది, మరుసటి ఏడు మళ్లీ కాలుతుంది. అందుకే ముందుగా ఆకులు ఊడ్చి ఫైర్‌లైన్లు (మంట దాటకుండా ఉంచే ఖాళీ పట్టీలు) తీయడం, మంటను తొలిగంటల్లోనే ఆర్పడం కొత్త గుంతలు తవ్వడం కంటే ముఖ్యం. ఆ పనికి నల్లమలలోని అమ్రాబాద్ అడవిని కాలిబాటలతో సహా ఎరిగిన చెంచులకంటే తగినవారు లేరు. సామూహిక అటవీ వనరులను కాపాడుకునే, పునరుద్ధరించుకునే హక్కును 2006 అటవీ హక్కుల చట్టం ఇలాంటి సమాజాలకు ఇచ్చింది. ఆ హక్కు పత్రాలు పెంటపెంటకూ (చెంచుల గూడేలను పెంటలంటారు) అందాలి, ఫైర్‌లైన్ల కూలి కూడా వారికే దక్కాలి.