పెద్దవాళ్ల చదువు: రోజూ వినే అపోహలు, నేను చూసిన వాస్తవాలు

బెంగళూరు మారతహళ్లి దగ్గర కట్టడాల్లో, ఇళ్లల్లో పనిచేసే తెలుగువాళ్లకు రాత్రిపూట చదువు చెబుతుంటాను. ఎక్కువమంది కదిరి, మదనపల్లె వైపు నుంచి వచ్చినవాళ్లు.

అపోహ: "ఈ వయసులో ఏం వస్తాది మేడం, బుర్రకెక్కదు."
వాస్తవం: బుర్ర సంగతి తర్వాత, ముందు కళ్లు చూపించండి. నలభై దాటాక చత్వారం వస్తుంది, దగ్గరి అక్షరాలు అలుక్కుపోతాయి, బియ్యం ఏరేటప్పుడు చేట దూరంగా పెట్టుకుంటూ కూడా తప్పు చూపుది అనుకోరు, తమకు తెలివి లేదనే అనుకుంటారు. ఒక పెద్దమ్మ రెండు నెలలు 'ప'కీ 'వ'కీ తేడా తెలియక ఏడ్చింది. కళ్లజోడు వచ్చిన వారానికి దారిలో పడింది. అన్నాళ్లూ నాకు తట్టకపోవడం నా తప్పే. కేరళలో కార్త్యాయని అమ్మ 2018లో, 96 ఏళ్ల వయసులో, అక్షరాస్యత పరీక్ష రాసి నూటికి 98 తెచ్చుకున్నారు మరి!

అపోహ: సంతకం వస్తే చాలు.
వాస్తవం: చాలామందికి సంతకం ముగ్గులాంటిది. గీత తప్పకుండా వేస్తారు, అందులోంచి ఒక అక్షరం తీసి పక్కన రాస్తే గుర్తుపట్టరు. జనాభా లెక్కల్లో కూడా ఏడేళ్లు నిండినవాళ్లు ఏదో ఒక భాషలో అర్థం చేసుకుంటూ చదవగలగాలి, రాయగలగాలి, అప్పుడే అక్షరాస్యులు.

అపోహ: ముందు 56 అక్షరాలూ బట్టీ పట్టాలి.
వాస్తవం: పగలంతా ఇటుకలు మోసి వచ్చిన మనిషిని ఌ దగ్గర కూర్చోబెడితే రేపు రాడు. నేను 'పని', 'గది'తో మొదలుపెడతాను. పెద్దవాళ్లకు మాటలన్నీ ముందే వచ్చు కదా, 'గ', 'ది' కూడగానే గది కళ్లముందుంటుంది. అసలు టెన్షన్ ఒత్తుల దగ్గరే, అందుకే అమ్మ, అక్క, అన్నలతో అలవాటు చేస్తాను.

అపోహ: బెంగళూరులో ఉంటూ తెలుగెందుకు, కన్నడే నేర్పొచ్చుగా?
వాస్తవం: కన్నడ కూడా కావాలి, కాదనను. కానీ చదవడం అనేది ఇంట్లో మాట్లాడే భాషలో త్వరగా పట్టుబడుతుంది. పైగా ఈ రెండు లిపులూ ఒకే పాత లిపి నుంచి చీలినవి, తలకట్టు తేడా వదిలేస్తే గ, న, ర, య దాదాపు ఒకటే. మొన్న ఆ పెద్దమ్మే బస్సు బోర్డు మీది కన్నడను "జ... య... న... గ... ర" అని కూడబలుక్కుని, నా వైపు తిరిగి, "చివర సున్నా మర్చిపోయినారు మేడం" అంది.