నీళ్లు రంగు మారితే ఏం రుజువైనట్టు?

కనిగిరి, పొదిలి, దర్శి వైపు ఆర్‌ఓ మిషన్లు అమ్మేవాళ్లు కొందరు ఇళ్లకు వచ్చి ఒక ప్రదర్శన చేస్తుంటారు. ఒక గాజు గ్లాసులో ఆ ఇంటి బోరు నీళ్లు, ఇంకోదానిలో తమ మిషన్ నీళ్లు పోస్తారు. లోహపు కడ్డీలున్న చిన్న పరికరాన్ని రెండింటిలోకీ దించి స్విచ్చి వేస్తారు. కాసేపటికే బోరు నీళ్లలో పచ్చగా, నల్లగా పొగలాంటిది లేచి, చివరికి ముదురు గోధుమరంగు మడ్డి తేలుతుంది. పక్క గ్లాసు తేటగానే ఉంటుంది. "ఇదమ్మా మీ పిల్లలు రోజూ తాగుతున్నది" అంటాడు వచ్చినతను. ఆ మాట పడ్డాక ఏ తల్లి మనసైనా నిలుస్తుందా?

ఆ మడ్డి నీళ్లలోది కాదు, కడ్డీలది. నీళ్లలో లవణాలు ఎక్కువగా కరిగి ఉంటే విద్యుత్తు బాగా ప్రవహిస్తుంది. అప్పుడు ఇనుప కడ్డీ కరిగి తుప్పుగా తేలుతుంది. ఆర్‌ఓ లవణాలను చాలావరకు తీసేస్తుంది కనుక ఆ నీళ్లలో విద్యుత్తు దాదాపు పారదు, కడ్డీ అలాగే ఉంటుంది. అనుమానముంటే, తేటగా ఉన్న గ్లాసులో చిటికెడు వంట ఉప్పు వేసి మళ్లీ స్విచ్చి వేయమని అతన్నే అడగండి. పరికరం కరెంటుతో నడిచేది, మీరు చేయి పెట్టకండి. ఆ నీళ్లూ అదే రంగుకు తిరుగుతాయి.

నన్ను ఎక్కువగా బాధపెట్టే సంగతి ఇంకొకటి. ఈ ప్రాంతంలో తాగేనీళ్ల గురించి భయపడటానికి నిజమైన కారణమే ఉంది. ఇక్కడి చాలా బోర్లలో ఫ్లోరైడ్ అనే లవణం ఎక్కువ, అది మితిమీరితే పళ్లూ ఎముకలూ దెబ్బతింటాయి. సరిగా పనిచేసే ఆర్‌ఓ మిషన్ దాన్ని చాలామేరకు తీసేస్తుంది కూడా. అంటే ఆ తల్లి తీసుకున్న నిర్ణయం సరైనదే కావచ్చు, దానికి ఆధారంగా చూపించింది మాత్రం ఆధారమే కాదు. ఫ్లోరైడ్ హద్దులోపే ఉన్న మంచినీళ్లలోనూ ఆ మడ్డి అలాగే తేలుతుంది. ఒక సంగతి నిజమైనా అబద్ధమైనా ఒకే ఫలితం చూపించే పరీక్ష ఆ సంగతి గురించి మనకు ఏమీ చెప్పదు. సాక్ష్యాన్ని తూచడానికి ఇంతకంటే పదునైన గీటురాయి నాకు తెలియదు.

అసలైన సాక్ష్యం ఎలా పోగవుతుందో చూడాలన్నా ఇక్కడి చరిత్రే చాలు. ఈ మూడు ఊళ్ల ప్రాంతం 1970లో కొత్త జిల్లా ఏర్పడేదాకా నెల్లూరు జిల్లాలో ఉండేది. ఆ నెల్లూరు జిల్లాలో ఫ్లోరోసిస్, అంటే ఫ్లోరైడ్ ఎక్కువై వచ్చే జబ్బు, ఉందని చెబుతూ షార్ట్, పండిట్, రాఘవాచారి 1937లో ఇండియన్ మెడికల్ గెజెట్‌లో ఒక పత్రం ప్రచురించారు. షార్ట్ మద్రాసు గిండీలోని కింగ్ ఇన్‌స్టిట్యూట్‌కు అధిపతి. ఫ్లోరోసిస్ ఉన్న ఊళ్లలో పిల్లల పళ్ల మీద సుద్దలాంటి తెల్లమచ్చలు, గోధుమరంగు చారలు కనిపిస్తాయి. ఏళ్ల తరబడి ఆ నీళ్లే తాగిన పెద్దల్లో మెడ, వెన్ను, కీళ్లు బిగుసుకుపోతాయి. తల తిప్పాలంటే మనిషి మొత్తం తిరగాల్సి వస్తుంది. దీన్ని వాతం అనుకోవచ్చు, వయసు అనుకోవచ్చు, వంశంలోనే ఉందనుకోవచ్చు. ఒక్క రోగిని చూసి ఇవేవీ కొట్టిపారేయలేం. మరి నీళ్లే కారణమని ఎలా తేలింది?

దీనికి జవాబు మూడు ఖండాల నుంచి వచ్చింది. అమెరికాలోని కొలరాడో స్ప్రింగ్స్‌కు 1901లో వెళ్లిన దంతవైద్యుడు ఫ్రెడరిక్ మెకే అక్కడివాళ్ల పళ్ల మీది గోధుమరంగు మచ్చల వెంట ఏళ్ల తరబడి పడ్డాడు. 1923లో ఆయన ఐడహో రాష్ట్రంలోని ఓక్లీ అనే ఊరికి వెళ్లాడు. ఒక వేడినీటి ఊట నుంచి గొట్టాలు వేసి ఊరికి నీళ్లు తెచ్చుకున్నాకే పిల్లల పళ్లు ఇలా అయ్యాయని అక్కడి తల్లిదండ్రులు చెప్పారు. నీళ్లు పరీక్షిస్తే అనుమానించదగ్గది ఏదీ దొరకలేదు. అయినా ఆ ఊట మానేసి వేరే ఊటకు మారమని మెకే సలహా ఇచ్చాడు. మారిన కొన్నేళ్లకు చిన్నపిల్లలకు మచ్చలేని పళ్లు వచ్చాయి. ఊరు అదే, వంశాలు అవే, మార్చింది నీళ్లను మాత్రమే. మొదటి పరీక్షలో ఏమీ దొరకకపోవడానికి కారణం, ఫ్లోరైడ్ కోసం ఎవరూ వెతకకపోవడం. 1931లో ఒక అల్యూమినియం కంపెనీ రసాయన శాస్త్రవేత్త చర్చిల్, ఆర్కన్సా రాష్ట్రంలోని బాక్సైట్ పట్టణం నీళ్లలో ఫ్లోరైడ్ అధికంగా ఉన్నట్టు కనిపెట్టాడు. ఆ ఫలితం ఆయనకే నమ్మశక్యం కాలేదు. మరో నమూనా తెప్పించి మళ్లీ పరీక్ష చేయించాకే ఒప్పుకున్నాడు. ఆ సంకోచం నాకు ఎంతో నచ్చుతుంది. మనకు నచ్చని ఫలితాన్నే కాదు, మనం ఎదురుచూడని ఫలితాన్నీ రెండోసారి అడిగి తెలుసుకోవాలి.

ఇక డెన్మార్క్. 1932లో కోపెన్‌హాగన్‌లో క్రయోలైట్ అనే ఫ్లోరిన్ ఖనిజాన్ని పొడి చేసే కార్మికులకు ఎక్స్‌రేలు తీసిన వైద్యులకు వాళ్ల ఎముకలు అసాధారణంగా దట్టంగా కనిపించాయి. ఆ కార్మికుల ఒంట్లోకి ఫ్లోరైడ్ చేరింది దుమ్ము ద్వారా, తాగేనీళ్ల ద్వారా కాదు. అయినా ఎముకల్లో వచ్చిన మార్పు నెల్లూరు జిల్లా రోగుల్లో కనిపించిన కోవదే. వాతావరణం వేరు, తిండి వేరు, జాతి వేరు. రెండు చోట్లా ఉన్నది ఫ్లోరైడ్. ఇవి ఒకదాని మీద ఒకటి ఆధారపడని సాక్ష్యాలు. ఒకదానిలో పొరపాటు దొర్లినా అది మిగతావాటిని చెడగొట్టదు. పళ్లు, ఎముకలు, నీళ్ల విశ్లేషణ అన్నీ ఒకే వైపు చూపించాయి కాబట్టే ఈ విషయంలో మనం ధైర్యంగా మాట్లాడగలుగుతున్నాం.

ఫ్లోరైడ్‌కు రంగు లేదు, వాసన లేదు. ఈ మోతాదుల్లో రుచిలోనూ తెలియదు. కాచి చల్లార్చితే సూక్ష్మజీవులు చస్తాయి కానీ ఫ్లోరైడ్ పోదు. ఆవిరైన నీటి మేరకు దాని గాఢత కొంచెం పెరుగుతుంది కూడా. ఇప్పుడు అందరి చేతుల్లోకీ వచ్చిన టీడీఎస్ మీటరూ ఇక్కడ పనికిరాదు. అది నీటిలో విద్యుత్తు ఎంత బాగా పారుతుందో చూసి, కరిగిన లవణాలన్నిటినీ కలిపి ఒక అంకెగా అంచనా వేస్తుంది. లీటరుకు 800 మిల్లీగ్రాముల లవణాలున్న నీళ్లలో ఫ్లోరైడ్ ఒక మిల్లీగ్రామే ఉందో, నాలుగున్నాయో దానికి తెలియదు. భారతీయ ప్రమాణాల ప్రకారం ఆ తేడానే కీలకం. ఉండదగినది లీటరుకు ఒక మిల్లీగ్రాము దాకా, వేరే నీళ్లు దొరకని చోట 1.5 దాకా ఓర్చుకోవచ్చు. అంకె కనిపిస్తే చాలు, కొలత జరిగిందనుకుంటాం. కొలిచింది మన ప్రశ్ననేనా అని అడగం.

బోరు పాయింటు దగ్గరా ఇలాంటిదే జరుగుతుంది. అరచేతిలో కొబ్బరికాయ నిలబడ్డ చోట నీళ్లుంటాయనే మాట నమ్మి బోరు వేస్తే నీళ్లు పడ్డ రైతు పదిమందికీ చెబుతాడు. లక్షలు పోసి ఎండు బోరు మిగిలిన రైతు ఎవరికీ చెప్పుకోడు. 1987, 88లో జర్మనీలోని మ్యూనిక్ దగ్గర ఒక గాదెలో, కింది అంతస్తులో నీటి గొట్టాన్ని అటూ ఇటూ జరుపుతూ, అదెక్కడుందో పైనుంచి చెప్పమని నీళ్ల జాడ తెలుసనేవాళ్లను పరీక్షించారు. వాళ్లలో కొందరికి నిజంగా శక్తి ఉందని ప్రయోగం చేసినవాళ్లు ప్రకటించారు. ఆ అంకెలనే తిరిగి పరిశీలించిన శాస్త్రవేత్త ఎన్‌రైట్, సరిపోయినవి గుడ్డిగా ఊహిస్తే సరిపోయేవాటిని మించి లేవని చూపించాడు. బోరు వేయించేవారు చుట్టుపక్కల పడనివాటి లెక్క కూడా అడగడం చాలా అవసరం. అప్పు చేసి డబ్బు పెట్టేది వాళ్లే కదా.

నీళ్ల నాణ్యత విషయానికొస్తే, గ్రామీణ నీటి సరఫరా విభాగం ప్రయోగశాలలు ఫ్లోరైడ్‌ను కొలుస్తాయి. కొన్ని చేతి కిట్లలో ఎర్రటి జిర్కోనియం రంగుద్రవం ఉంటుంది. నీళ్లలోని ఫ్లోరైడ్ ఆ జిర్కోనియంను లాగేసుకునే కొద్దీ ఎరుపు తగ్గి పసుపు వైపు తిరుగుతుంది. ఇక్కడా రంగే మారుతోంది, కానీ మార్చేది ఫ్లోరైడ్. నమూనాను గాజు సీసాలో కాకుండా శుభ్రమైన ప్లాస్టిక్ సీసాలో పట్టండి, ఫ్లోరైడ్ గాజుతో కలుస్తుంది. ఒకే బోరు నీళ్లను రెండు సీసాల్లో నింపి వేర్వేరు గుర్తులు పెట్టి ఇస్తే, ఫలితాలు ఎంత దగ్గరగా ఉన్నాయో చూసి ఆ పరీక్షను ఎంతవరకు నమ్మవచ్చో మీరే తేల్చుకోవచ్చు. మిషన్ ఉన్నవాళ్లు దాని నుంచి వచ్చే నీళ్లను కూడా విడిగా పరీక్ష చేయించాలి, లోపలి పొర అరిగేకొద్దీ ఫ్లోరైడ్ దాన్ని దాటి తాగేనీళ్లలోకి రావడం మొదలవుతుంది. బోరు నీటి స్వభావం కాలాన్ని బట్టి మారుతుంది కాబట్టి వేసవిలో ఒకసారి, వానలు తగ్గాక ఒకసారి చూడటం మంచిది.