ఎపిసోడ్ అయ్యేసరికి అందరూ ఎందుకు కలిసిపోయేవారు?

ఓటీటీలో కామెడీ అని పేరున్న ఫ్యామిలీ సిరీస్ పెడితే నవ్వు ఎంత వస్తోందో ఏడుపూ అంతే వస్తోందని చాలామంది అంటున్నారు. తండ్రీకొడుకులు మొదటి ఎపిసోడ్‌లో మాటలు మానేస్తే మూడో సీజన్‌కి గానీ నోరు విప్పరు. పాత టీవీ కామెడీల్లో ఎంత పెద్ద గొడవైనా అరగంటలో తేలిపోయేది. అప్పటి కుటుంబాలు మంచివి, ఇప్పటివి చెడిపోయాయి అని కాదు. అప్పట్లో రాజీ పడితేనే వ్యాపారం సాగేది.

ఆ వ్యాపారానికి దారి వేసిన వాటిలో ముందు చెప్పుకోవాల్సింది అమెరికాలో 1951 అక్టోబర్‌లో సీబీఎస్ చానెల్‌లో మొదలైన ‘ఐ లవ్ లూసీ’ని. అప్పటి ప్రోగ్రాములు చాలావరకు న్యూయార్క్ నుంచి లైవ్‌గా వచ్చేవి. ఇందులో దంపతులుగా నటించిన లూసిల్ బాల్, డెసి అర్నాజ్ నిజజీవితంలోనూ భార్యాభర్తలే. లాస్ ఏంజెలెస్ వదిలి రామని ఇద్దరూ పట్టుబట్టారు. స్టూడియోలో జనాన్ని కూర్చోబెట్టి, మూడు కెమెరాలతో, సినిమాకు వాడే 35 ఎంఎం ఫిల్మ్ మీద తీశారు. కెమెరా బాధ్యత జర్మన్ మూకీ సినిమా ‘మెట్రోపాలిస్’కు పనిచేసిన కార్ల్ ఫ్రాయిండ్‌ది. ఒకేసారి మూడు వైపుల నుంచి తీస్తుంటే నటులు ఎటు కదిలినా నీడ పడకూడదు. అందుకని ఆయన లైట్లను పైకెత్తి, సెట్టంతా ఒకేలా వెలిగేట్టు చేశాడు. ఖర్చు పెరిగింది. దానికి బదులుగా దంపతులు తమ పారితోషికంలో కోతకు ఒప్పుకుని, ఎపిసోడ్ల హక్కులు తమ కంపెనీకి రాయించుకున్నారు.

లైవ్ ప్రోగ్రాం అయితే ఆ రాత్రితోనే సరి. ఫిల్మ్ చేతిలో ఉంటే మళ్లీ మళ్లీ అమ్ముకోవచ్చు. రీరన్ అలా పుట్టింది. ఊరూరా ఉన్న చిన్న స్టేషన్లు పాత ఎపిసోడ్లను మూటగట్టి కొని రోజూ వేసేవి. సుమారు వంద ఎపిసోడ్లు ఉంటేనే బేరం కుదిరేది. చూసేవాళ్లు ఏ రోజు టీవీ పెడతారో, ఏ ఎపిసోడ్ వదిలేస్తారో ఎవరికి తెలుసు? అందుకే నిన్నటి అలక ఇవాళ్టికి మిగలకూడదు. ఇరవై రెండో నిమిషానికి ఎక్కడి గొంగళి అక్కడే ఉండాలి.

నవ్వు కూడా ఇలాంటి సరుకే అయింది. చార్లెస్ డగ్లస్ అనే సీబీఎస్ సౌండ్ ఇంజనీర్ జనం నవ్వుల్ని టేపుల మీద పట్టి, మీట నొక్కితే పలికే పెట్టె తయారు చేశాడు. ఆ తర్వాత జోకు పేలకపోయినా నవ్వు పేలేది.

ఈ కట్టుబాటులోనే కొందరు చురకలు పెట్టగలిగారు. బ్రిటన్‌లో 1962లో బీబీసీ మొదలుపెట్టిన ‘స్టెప్టో అండ్ సన్’లో పాత సామాన్ల వ్యాపారం చేసే తండ్రీకొడుకులు ఉంటారు. కొడుక్కి ఇల్లు వదిలి పోవాలని ఉంటుంది, తండ్రి పోనివ్వడు. ఒక ఎపిసోడ్‌లో విసిగిపోయిన కొడుకు ఇంటి మధ్యన అడ్డగోడ పెట్టిస్తాడు. టీవీ సరిగ్గా గోడ మధ్యలో పడుతుంది. ఇక ఏ చానెల్ పెట్టాలన్నది తగువు. భాగాల పంపకం చూసినవాళ్లెవరికీ ఇది అతిగా అనిపించదు.

అమెరికాలో 1971 జనవరిలో నిర్మాత నార్మన్ లియర్ ఒక బ్రిటిష్ సిరీస్‌ను ఆధారం చేసుకుని ‘ఆల్ ఇన్ ది ఫ్యామిలీ’ తెచ్చాడు. ఇల్లరికం అల్లుడికీ నోటి దురుసు మామకీ వియత్నాం యుద్ధం మీద, జాతి వివక్ష మీద, ఆడవాళ్ల హక్కుల మీద రోజూ రభసే. జనం ఏమంటారోనన్న టెన్షన్‌తో సీబీఎస్ మొదటి ఎపిసోడ్‌కు ముందు ఒక హెచ్చరిక వేసింది. జనం ఏమీ అనలేదు సరికదా, వరుసగా ఐదు సీజన్లు దాన్నే మొదటి స్థానంలో కూర్చోబెట్టారు. అయినా మామ మారడు, అల్లుడు మారడు. వారం తిరిగేసరికి మళ్లీ అదే బల్ల దగ్గర భోజనం.

ఆ లెక్క ‘అరెస్టెడ్ డెవలప్‌మెంట్’ దగ్గర తప్పింది. 2003లో ఫాక్స్ చానెల్‌లో వచ్చిన ఈ సిరీస్‌లో ఇవాళ్టి జోకు అర్థం కావాలంటే నాలుగు వారాల కిందటి ఎపిసోడ్ గుర్తుండాలి. అమెరికా టీవీ అవార్డు ఎమ్మీ వచ్చింది, ప్రేక్షకులు రాలేదు. 2006లో ఆపేశారు. 2013 మేలో నెట్‌ఫ్లిక్స్ దాన్ని తిరిగి లేపి 15 ఎపిసోడ్లు ఒకేరోజు వదిలింది. అప్పటికి నటులంతా బిజీ. డేట్లు కుదరక ఒక్కో ఎపిసోడ్‌ను ఒక్కో పాత్ర మీద నడిపారు. కుటుంబం గురించిన కామెడీలో కుటుంబమంతా ఒక్క గదిలో కనబడటమే గగనమైంది. 2018లో దాన్నే కోసి, కూర్చి 22 ఎపిసోడ్లు చేశారు. నా దృష్టిలో రెండూ అతకలేదు. కానీ వరుసగా చూస్తారన్న ధీమా ఉంటే గొడవను ఎంత దూరమైనా లాగొచ్చని రచయితలకు తెలిసింది మాత్రం అక్కడే.

తర్వాత దారి తెరుచుకుంది. 2014లో అమెజాన్‌లో వచ్చిన ‘ట్రాన్స్‌పరెంట్’ మరుసటి జనవరిలో కామెడీ విభాగంలో గోల్డెన్ గ్లోబ్ గెలిచింది. నవ్వించిన దానికన్నా గుండె బరువెక్కించిందే ఎక్కువ. మరి దాన్ని కామెడీ అని ఎవరు తేల్చారు? ఎమ్మీలిచ్చే టెలివిజన్ అకాడమీ 2015లో గడియారాన్ని నమ్ముకుంది: అరగంట లోపైతే కామెడీ, మించితే డ్రామా. 2021 చివర్లో ఆ నియమాన్నీ వదిలేసింది. 2024 జనవరి ఎమ్మీ వేడుకలో ‘ది బేర్’ మొదటి సీజన్ ఉత్తమ కామెడీగా నిలిచింది. దాని రెండో సీజన్‌లో క్రిస్మస్ విందు ఎపిసోడ్ ఒక్కటే గంటకు పైన ఉంటుంది. అందులో బల్ల దగ్గర ఫోర్కులు ఎగురుతాయి, చివరికి తల్లి కారుతో ఇంటి గోడను గుద్దేస్తుంది. దాన్ని కామెడీ అనడం నాకైతే మింగుడుపడదు.

రీరన్ల బేరం పోవడంతో రచయితలకు ఏళ్ల తరబడి అందే చెక్కులూ చిక్కిపోయాయి. వంద ఎపిసోడ్లు చేరే సిరీస్‌లూ తగ్గాయి. ఓటీటీల్లో దీర్ఘాయుష్షు అనిపించుకున్న ‘గ్రేస్ అండ్ ఫ్రాంకీ’ కూడా 2022లో 94 దగ్గర ముగిసింది.  2023లో హాలీవుడ్ రచయితలు 148 రోజులు సమ్మె చేశారు. ఒప్పందంలో కొత్త బోనస్ సాధించుకున్నారు. అది చేతికి రావాలంటే విడుదలైన, లేదా తర్వాతి ఏ ఏడాదిలోనైనా, మొదటి 90 రోజుల్లో ఆ ఓటీటీకి అమెరికాలో ఉన్న చందాదారుల్లో 20 శాతం మందికి సమానమైన వ్యూస్ రావాలి. మెల్లగా పదేళ్లపాటు నోటిమాటతో పాకే ఇంటింటి కథలకు ఆ గీత దాటడం కష్టమే.