డెల్టాలో టీనేజ్ పిల్లల అడవి క్యాంపులు: అపోహలు – వాస్తవాలు

కోరింగ మడ అడవుల చుట్టుపక్కల పదమూడు నుంచి పదిహేడేళ్ల పిల్లలకు అడవి క్యాంపులు నడిపే బృందంలో పనిచేస్తున్నాను. ఈమధ్య కాకినాడ నుంచీ అమలాపురం నుంచీ రాజమండ్రి నుంచీ అడిగేవాళ్లు బాగా పెరిగారు. సంతోషమే. కానీ ఫోన్ చేసే తల్లిదండ్రుల దగ్గరా, స్కూళ్లవాళ్ల దగ్గరా కొన్ని మాటలు మళ్లీ మళ్లీ వింటున్నాను. పిల్లల ప్రాణాలతో ముడిపడ్డ పని కాబట్టి వాటికి వివరంగానే జవాబు చెప్పాలి.

అపోహ: డెల్టాలో అడవేంటండీ? అడవి చూడాలంటే మారేడుమిల్లి వెళ్లాలి.

కాకినాడ పక్కనే ఉన్న కోరింగని 1978లో అభయారణ్యంగా ప్రకటించారు. విస్తీర్ణం 235 చదరపు కిలోమీటర్ల పైమాటే. నీటికుక్కలు, బావురుపిల్లులు ఉన్న అడవి ఇది. హోప్ ఐలాండ్ ఇసుకలో గుడ్లు పెట్టడానికి ఆలివ్ రిడ్లే తాబేళ్లు వస్తాయి.

కొండమీద దారి రేపు కూడా అక్కడే ఉంటుంది. ఇక్కడ పొద్దున పడవ వెళ్లిన పాయలో మధ్యాహ్నానికి బురద తేలుతుంది. రోజుకి రెండు పోట్లు. ఇవాళ వచ్చిన వేళకి రేపటి పోటు సుమారు యాభై నిమిషాలు ఆలస్యం. అమావాస్యకీ పౌర్ణమికీ నీళ్లు బాగా లేస్తాయి, అష్టమి దగ్గర అంతగా లేవవు. ఇంట్లో గోడకున్న క్యాలెండర్‌లో తిథి చూసి, రేపు పడవ ఎన్నింటికి తేలుతుందో పదిహేనేళ్ల పిల్ల లెక్కగట్టి చెబుతుంటే వాళ్ల నాన్నగారు నమ్మలేక మళ్లీ అడుగుతారు. ఆ లెక్క వేటకెళ్లే ఇళ్లలో అందరికీ తెలిసిందే. మన బడిలో మాత్రం చెప్పరు.

అపోహ: పిల్లల సంఖ్య పెరిగితే ప్రోగ్రాం ఎదిగినట్టే.

అన్నిటికన్నా నన్ను టెన్షన్ పెట్టేది ఇదే. "రెండు బస్సులు పంపిస్తామండి, ఒక్కరోజులో చూపించేయండి" అంటారు. కుదరదండీ. మేం ఆరుగురు పిల్లలకు ఒక శిక్షణ పొందిన పెద్ద ఉండేలా చూసుకుంటాం. అంతమంది పెద్దలు లేకపోతే పిల్లల్ని తగ్గిస్తాం తప్ప పెద్దల్ని తగ్గించం.

ఇది మేం కొత్తగా కనిపెట్టిన సంగతి కాదు. 1941లో వేల్స్‌లోని అబర్‌డోవీలో కర్ట్ హాన్, ఓడల యజమాని లారెన్స్ హోల్ట్ కలిసి ఔట్‌వర్డ్ బౌండ్ మొదలుపెట్టారు. యుద్ధంలో ఓడలు మునిగినప్పుడు వయసు మళ్లిన నావికులు తట్టుకుంటుంటే కుర్రాళ్లు తట్టుకోలేకపోతున్నారన్నది హోల్ట్ బాధ. ఆ పద్ధతి దేశదేశాలకూ పాకింది. అమెరికాలోని ఔట్‌వర్డ్ బౌండ్‌లో పనిచేసిన పర్వతారోహకుడు పాల్ పెట్జోల్ట్‌కి ఒక లోటు కనిపించింది. పిల్లలు వస్తున్నారు, వాళ్లను నడిపించడం తెలిసిన పెద్దలే చాలడం లేదు. అందుకే 1965లో నాయకుల్ని తయారుచేసే బడి నోల్స్‌ని వ్యోమింగ్‌లో పెట్టాడు.

మా దగ్గర ఒక మనిషి తయారవ్వాలంటే సీజన్లకు సీజన్లు పడుతుంది. ముందు వంట, సామాను, నీళ్ల లెక్క చూసుకోవాలి. తర్వాత పడవ నడిపే బాబాయ్ పక్కన కూర్చుని గెడ వేయడం, గాలి చూడడం నేర్చుకోవాలి. ప్రథమ చికిత్స శిక్షణ ఆ తర్వాత. ఇవన్నీ అయ్యాకే ఆరుగురు పిల్లల బాధ్యత చేతికిస్తాం. ఒకప్పుడు క్యాంపుకి పిల్లలుగా వచ్చినవాళ్లు కొందరు ఇప్పుడు డిగ్రీ చదువుతూ మాతో పనిచేస్తున్నారు. మా ప్రోగ్రాం ఎంత ఎదిగిందని ఎవరైనా అడిగితే నేను చూపించేది వాళ్లనే.

పడవ నడిపే బాబాయిల మాట కూడా చెప్పాలి. ఆ రోజు వేటకెళ్తే వచ్చేదానికి తక్కువ కాకుండా వాళ్లకు ముట్టాలి. వాళ్లు డ్రైవర్లు కాదు, గురువులు.

బురద సంగతే చూడండి. నీళ్లు తీసినప్పుడు పాయ ఒడ్డున బురద మోకాలు దాటుతుంది. కాలు దిగబడిన పిల్లాడు కంగారుపడి గట్టిగా పైకి లాగుతాడు, దాంతో రెండో కాలు ఇంకా లోతుకి పోతుంది. బాబాయ్ పరిగెత్తడు, అరవడు. "ఒరే, లాగకు. ముందుకి వాలి చేతులు ఆన్చు. ఇప్పుడు మడమ అటూ ఇటూ ఆడించు" అంటాడు. కాలి చుట్టూ బురద వదులవుతుంది, సందులోకి నీళ్లు దిగుతాయి, కాలు తేలిగ్గా వచ్చేస్తుంది. అయితే చేతులు ఎక్కడ పడితే అక్కడ ఆన్చకూడదు, మడచెట్ల ఊపిరివేళ్లు బురదలోంచి మొనలు తేలి ఉంటాయి. చెప్పులైతే బురద లాగేసుకుంటుంది కాబట్టి పాత కాన్వాస్ బూట్లు లేసులు బిగించి వేసుకోమంటాం. తిల్ల అనే మడచెట్టు కొమ్మ విరవొద్దని కూడా ముందే చెబుతాం. ఆ పాలు కంట్లో పడితే ప్రమాదం. ఇదంతా రెండు బస్సుల జనానికి మైకులో చెప్పి నేర్పగలిగేది కాదు.

అపోహ: మాట వినని పిల్లల్ని అడవికి పంపిస్తే దారికొస్తారు.

"మావాడు ఫోన్ వదలడు, ఎదురు మాట్లాడతాడు, కాస్త గట్టిగా పెట్టండి" అని అడిగే నాన్నల బాధ నాకు అర్థమవుతుంది. కానీ ఆ పని మేం చెయ్యం. రానన్న పిల్లల్ని తీసుకెళ్లం. చేర్చుకునే ముందు తల్లిదండ్రులు పక్కన లేకుండా పిల్లలతో విడిగా మాట్లాడతాం.

అమెరికాలో ఇదే పేరుతో పెద్ద వ్యాపారం నడిచింది. పిల్లల్ని బాగుచేస్తామంటూ ఎడారుల్లో నడిపించారు. అక్కడి ప్రభుత్వ ఆడిట్ సంస్థ జీఏఓ అలాంటి ప్రైవేటు ప్రోగ్రాముల్లో చనిపోయిన పది మంది పిల్లల కేసులను పరిశీలించి 2007లో నివేదిక ఇచ్చింది. శిక్షణ లేని సిబ్బంది, చాలని తిండి, పట్టించుకోని యాజమాన్యం అందులో కనిపిస్తాయి. ఒంట్లో నీళ్లు తగ్గి పిల్లలు కూలబడుతుంటే నాటకాలు ఆడుతున్నారని అనుకున్న సందర్భాలు కూడా ఉన్నాయి. అది చదివాక మా బృందంలో ఒక మాట గట్టిగా పెట్టుకున్నాం. పిల్లలు బాలేదంటే ముందు నమ్మాలి. నీడలో కూర్చోబెట్టి, నీళ్లిచ్చి, ఆ తర్వాతే ఏదైనా.

అపోహ: మావాడికి ఈత వచ్చు, లైఫ్ జాకెట్ ఎందుకు?

పంటకాలవలో ఈత వేరు, నీళ్లు సముద్రంలోకి లాగుతున్నప్పుడు పాయ నోట్లో ఈత వేరు. 2019 సెప్టెంబర్ 15న కచ్చులూరు దగ్గర జరిగిన పడవ ప్రమాదాన్ని గోదారి జిల్లాల్లో ఎవరు మర్చిపోగలరు? పడవ ఎక్కేముందే జాకెట్ పట్టీలన్నీ బిగించాలి. బాబాయ్‌కి కూడా ఇదే రూలు. "చిన్నప్పట్నుంచీ నీళ్లలోనే ఉన్నామండీ" అని మొదట్లో నవ్వేవారు. పిల్లలు తమనే చూసి నేర్చుకుంటారని చెప్పాక "ఆయ్, అలాగేనండి" అని వేసుకుంటున్నారు. ఈత రాని పిల్లలు కూడా నిరభ్యంతరంగా రావచ్చు.

అపోహ: అడవిలో పాములుంటాయి, ఇంట్లో ఉంటే భద్రం.

నాగుపాము, కట్లపాము, రక్తపింజర వరిచేలల్లో, గడ్డివాముల దగ్గర, ఇళ్ల చుట్టూ కూడా తిరిగేవే. కట్లపాము ఎక్కువగా రాత్రిపూట, కింద పడుకున్నవాళ్లను కరుస్తుంది. నొప్పి పెద్దగా తెలియదు. అందుకే టెంటు జిప్పు పూర్తిగా వేసి పడుకోవాలన్న నియమం. రాత్రి బస ఎలాగూ అభయారణ్యంలో పెట్టం, ఒడ్డున ఊరివాళ్ల కొబ్బరితోటలో పెడతాం. కాటు వేస్తే తాడుతో బిగించడం, కొయ్యడం, నోటితో పీల్చడం ఏదీ చెయ్యకూడదు. కరిచిన కాలో చెయ్యో కదలకుండా ఉంచి ఆసుపత్రికి తీసుకెళ్లాలి. విరుగుడు మందు ఏ ఆసుపత్రిలో ఉందో, అక్కడికి ఏ బండిలో వెళ్లాలో క్యాంపు మొదలయ్యేముందే కనుక్కుని పెట్టుకుంటాం. మీ పిల్లల్ని ఎవరి క్యాంపుకి పంపినా ఈ ప్రశ్న అడగండి.

అపోహ: ఆడపిల్లలకు ఇవి కుదరవు.

మాలావత్ పూర్ణ 2014లో ఎవరెస్ట్ ఎక్కేనాటికి పద్నాలుగేళ్లు కూడా నిండలేదు. కుదరనిది ఏర్పాటు లేకపోతేనే. రాత్రింబవళ్లు తోడుండే మహిళా శిక్షకులు, తలుపూ గడియా ఉన్న బాత్రూం, నెలసరి వస్తే ఎవరినీ అడగక్కర్లేకుండా తీసుకునేలా సంచిలో ప్యాడ్లు, వాడినవి వెనక్కి తెచ్చుకోవడానికి కవర్లు. ఇవి ఉన్నాయో లేదో అమ్మలు నేరుగా అడగండి. మగవాళ్లు ఫోన్ తీసినా మొహమాటపడొద్దు.

అపోహ: సెలవులు ఎప్పుడిస్తే అప్పుడు క్యాంపు పెట్టొచ్చు.

దసరా సెలవుల నాటికి తుపాన్ల కాలం దగ్గరపడుతుంది. 1996 నవంబర్ 6 రాత్రి కోనసీమ ఏమైపోయిందో పెద్దవాళ్లకు గుర్తే. వేసవి సెలవుల్లో ఆ ఉక్కలో, ఉప్పు నీళ్ల మధ్య పిల్లల్ని నడిపించడం మంచిది కాదు. మాకు మిగిలేది డిసెంబర్ నుంచి ఫిబ్రవరి వరకే. అందులోనూ పండగ మూడు రోజులు ఎవరూ ఇల్లు కదలరు, కనుమనాడు కాకి కూడా కదలదంటారు కదా. అందుకే ముక్కనుమ వెళ్లాక వచ్చే శని, ఆదివారాల్లో మళ్లీ మొదలుపెట్టి ఫిబ్రవరి చివరికి ఆపేస్తాం. చోటు దొరకనివాళ్ల పేర్లు వచ్చే డిసెంబర్‌కి ముందు వరసలో రాసుకుంటాం.