మొదటిసారి క్రిమినల్ కేసు, ఫ్రీ లాయరు: అపోహలు - వాస్తవాలు

గుంటూరు జిల్లా కోర్టులో న్యాయ సేవాధికార సంస్థ తరఫున ముద్దాయిల కేసులు చూసే న్యాయవాదిని నేను. నా దగ్గరికి వచ్చేవాళ్లలో చాలామంది అంతకుముందు పోలీస్ స్టేషన్ గడప తొక్కి ఎరగరు. మిర్చి యార్డులో మాటామాటా పెరిగి చెయ్యి చేసుకున్న హమాలీ, సెల్‌ఫోన్ దొంగతనంలో పేరు ఇరుక్కున్న కుర్రాడు, తాగి బండి నడిపి దొరికిపోయిన ఇంజనీరింగ్ విద్యార్థి. అరెస్టయిన మొదటి రెండు మూడు రోజుల్లో తలా ఒక మాట చెబుతారు. వాటిని నమ్మి కేసును చేజేతులా బిగించుకుంటారు. రోజూ వినేవి కొన్ని ఇక్కడ రాస్తున్నాను.

అపోహ: ఫ్రీగా వచ్చే లాయరు పేరుకే నిలబడతాడు

అన్నిటికన్నా ఎక్కువ నష్టం చేసేది ఇదే. కొడుకును రిమాండ్‌కి పంపారని తెలియగానే తల్లి గాజులు పట్టుకుని తాకట్టు కొట్టుకి పరిగెడుతుంది. డబ్బు సర్దుబాటయ్యేసరికి మూడు నాలుగు రోజులు గడుస్తాయి. అన్ని రోజులూ బెయిల్ పిటిషన్ వేసే దిక్కుండదు. పిల్లవాడు జైల్లోనే ఉంటాడు.

2022లో జాతీయ న్యాయ సేవాధికార సంస్థ లీగల్ ఎయిడ్ డిఫెన్స్ కౌన్సిల్ అనే పద్ధతి తెచ్చింది. ఇందులోకి తీసుకున్న న్యాయవాదులు పూర్తికాలం ఇదే పని చేయాలి, ప్రైవేటు కేసులు పట్టకూడదు. ఈ న్యాయవాదులకు చీఫ్‌గా ఎంపిక కావాలంటే క్రిమినల్ కేసుల్లో కనీసం 10 ఏళ్ల ప్రాక్టీసు, సెషన్స్ కోర్టులో కనీసం 30 కేసుల విచారణ నడిపిన అనుభవం ఉండాలి. రోజూ అవే కోర్టుల్లో నిలబడతాం కాబట్టి ఏ కేసులో బెయిల్‌కి ఏ కాగితం అడుగుతారో మాకు బాగా తెలుసు. మా మీద కేసుల భారం ఎక్కువే, అది దాచేది కాదు. అందుకే ఇంటివాళ్లు ఎఫ్ఐఆర్ నంబరు, ఆధార్, జబ్బు ఉంటే డాక్టరు చీటీలు పట్టుకుని మొదటిరోజే రావాలి. వాటి కోసం మేము తిరిగే సమయం పిటిషన్ రాయడానికి మిగులుతుంది.

డబ్బుంటే ప్రైవేటు లాయరును పెట్టుకోండి, అది మీ హక్కు. కానీ ఆ లాయరు దొరికేదాకా ముద్దాయిని ఒంటరిగా వదలకండి. ముందు మేము బెయిల్ వేస్తాం, తరువాత మీరు వకాలతు మార్చుకోవచ్చు.

అపోహ: జీతం ప్రభుత్వానిది, కాబట్టి పోలీసుల మనిషే

ప్రభుత్వం తరఫున కేసు నడిపేది పీపీ, అంటే పబ్లిక్ ప్రాసిక్యూటర్. మేము ఎదుటి పక్షం. మీరు మాకు చెప్పింది మీ అనుమతి లేకుండా మేము బయటపెట్టకూడదని చట్టమే చెబుతోంది.

ఈ అనుమానంతో ఒక కుర్రాడు, గొడవ జరిగిన రాత్రి తాను అక్కడ లేనేలేనన్నాడు. చార్జిషీటుతో వచ్చిన సీసీటీవీ ఫొటోలో గళ్ల చొక్కాతో సహా స్పష్టంగా కనిపించాడు. గట్టిగా అడిగితే అప్పుడు అసలు మాట బయటికొచ్చింది, స్నేహితుణ్ణి వెనక్కి లాగడానికి వెళ్లాడట. ఫొటోలో అతని చెయ్యి స్నేహితుడి భుజం మీదే ఉంది. ముందే చెప్పి ఉంటే మొదటి బెయిల్ పిటిషన్‌లోనే అది రాసేవాళ్లం.

అపోహ: తెల్ల కార్డు ఉన్నవాళ్లకే

ఆదాయంతో పని లేకుండా మహిళలు, పిల్లలు, ఎస్సీ, ఎస్టీలు, దివ్యాంగులు, కస్టడీలో ఉన్న ఎవరైనా 1987 నాటి న్యాయ సేవాధికార సంస్థల చట్టం 12వ సెక్షన్ కింద అర్హులే. మిగతావారికి ఆదాయ పరిమితి ఉంటుంది. జైల్లో ఉన్న మనిషికి ఇంట్లో ఎంత ఆస్తి ఉందని ఎవరూ అడగరు.

అపోహ: స్టేషన్‌లో ఒప్పుకుంటే వదిలేస్తారు

ఈ మాట ముద్దాయికి ఎవరో ఒకరు చెప్పే ఉంటారు. పోలీసుల ముందు ఒప్పుకున్నది కోర్టులో సాక్ష్యంగా చెల్లదు. పాత సాక్ష్యాల చట్టంలో ఉన్న ఈ రక్షణ ఇప్పుడు భారతీయ సాక్ష్య అధినియం 23వ సెక్షన్‌లో ఉంది. కానీ మీరు చెప్పిన మాట వల్ల ఒక వస్తువు దొరికితే ఆ మేరకు అది సాక్ష్యమవుతుంది. కాబట్టి ‘ఎలాగూ చెల్లదు కదా’ అని నోటికొచ్చింది చెప్పకూడదు. తెల్ల కాగితం మీద సంతకం అసలే పెట్టకూడదు. పోలీసు విచారణ జరుగుతున్నప్పుడు లాయరును కలిసే హక్కు మీకుంది. విచారణ పొడుగునా ఆయన పక్కనే కూర్చోలేరు, కలవనివ్వడం మాత్రం తప్పనిసరి.

ఏడేళ్ల వరకు శిక్ష పడే కేసుల్లో పోలీసులు మామూలుగా ముందు నోటీసు ఇవ్వాలి. జనం ఇప్పటికీ 41ఏ నోటీసు అంటారు. 2024 జులై 1 నుంచి అమల్లో ఉన్న భారతీయ నాగరిక్ సురక్షా సంహితలో అది 35(3). ఆ నోటీసు చూసి భయపడి ఫోన్ ఆపేసి బంధువుల ఊరెళ్లిపోవడమంటే అరెస్టుకు మీరే కారణం చేతికివ్వడం. నోటీసు తీసుకుని మా దగ్గరికి రండి, చెప్పిన రోజుకి స్టేషన్‌కి వెళ్లండి.

అరెస్టు చేస్తే ప్రయాణ సమయం పోను 24 గంటల్లో మెజిస్ట్రేట్ ముందు హాజరుపరచాలి. ఆదివారమైతే మెజిస్ట్రేట్ ఇంటికే తీసుకెళ్తారు. అంతకుముందు వైద్య పరీక్ష ఉంటుంది. వరండాలో నిలబెట్టిన కుర్రాడికి చేతులు వణుకుతుంటాయి, వెనకాల ఎస్కార్టు కానిస్టేబుళ్లు. ‘పోలీసులు కొట్టారా? లాయరున్నాడా?’ అని మెజిస్ట్రేట్ అడుగుతారు. నూటికి తొంభైమంది రెండింటికీ గబగబా ‘లేదండి’ అనేస్తారు. దయచేసి అక్కడ ఒక్క క్షణం ఆగండి. దెబ్బలుంటే చూపించండి. ‘లాయరు లేడండి, ఉచిత లాయరును ఇప్పించండి’ అని పూర్తి వాక్యం అనండి. ఆ హక్కు ఉందని ముద్దాయికి చెప్పాల్సిన బాధ్యత మెజిస్ట్రేట్‌దేనని సుప్రీంకోర్టు 1981లోనే చెప్పింది, 2012లో కసబ్ కేసు తీర్పులో మళ్లీ గట్టిగా చెప్పింది. అయినా మీ నోటితో అడిగితే ఆ నిమిషం నుంచే మా పని మొదలవుతుంది.

అపోహ: బెయిల్ వచ్చిందంటే సాయంత్రానికి ఇంట్లో ఉంటాడు

బెయిల్ ఆర్డరుకీ జైలు గేటుకీ మధ్య ష్యూరిటీలు, అంటే జామీను ఇచ్చేవాళ్లు, వాళ్ల కాగితాలు ఉంటాయి. ఇంటి పన్ను రసీదులో తాత పేరు ఉంటుంది, ఆధార్‌లో మనవడి పేరు. ఆ తేడాకే కాగితాలు వెనక్కి వస్తాయి. ముద్దాయి ఇంటివాళ్లు విసిగిపోయి కోర్టు బయట డబ్బు తీసుకుని జామీను ఇస్తామనేవాళ్ల చేతిలో పడతారు. ఆ కాగితాలు దొంగవని తేలితే బెయిల్ పోతుంది, పైగా కొత్త కేసు.

ఆ తిప్పలు పడక్కర్లేదు. బెయిలబుల్ (బెయిల్ హక్కుగా దొరికే) కేసులో వారంలోగా జామీను ఇవ్వలేకపోతే ఆ మనిషిని నిరుపేదగా భావించి సొంత పూచీకత్తు మీద విడుదల చేయాలి. మిగతా కేసుల గురించి సుప్రీంకోర్టు 2023 జనవరి 31న ఆదేశాలిచ్చింది. బెయిల్ వచ్చి ఏడు రోజులైనా మనిషి బయటికి రాకపోతే జైలు సూపరింటెండెంట్ న్యాయ సేవాధికార సంస్థ కార్యదర్శికి తెలియజేయాలి. నెలైనా పూచీకత్తు ఇవ్వలేకపోతే కోర్టు తనంతట తానే షరతుల సడలింపును పరిశీలించవచ్చు. కేసును బట్టి 60 లేదా 90 రోజుల్లో చార్జిషీటు వేయకపోతే బెయిల్ హక్కుగా వస్తుంది, కాకపోతే చార్జిషీటు పడేలోపే అడగాలి. మొదటిసారి నేరారోపణ ఎదుర్కొంటున్నవాళ్లకి ఇంకో మేలుంది. గరిష్ఠ శిక్షలో మూడో వంతు కాలం జైల్లో గడిస్తే విడుదల చేయాలని నాగరిక్ సురక్షా సంహిత 479వ సెక్షన్ చెబుతోంది. మరణశిక్ష, యావజ్జీవం పడే కేసులకూ, వేరే కేసులు కూడా పెండింగులో ఉన్నవాళ్లకూ ఇది వర్తించదు.

అపోహ: ఫైన్ కట్టేస్తే పీడ వదులుతుంది

నేరం ఒప్పుకుని ఫైన్ కట్టడమంటే శిక్ష పడినట్టే. రేపు ఉద్యోగం వెరిఫికేషన్ ఫారంలో ‘ఏదైనా కేసులో శిక్ష పడిందా’ అన్న గడి దగ్గర పెన్ను ఆగిపోతుంది. ఒప్పుకోవాలా వద్దా అనేది కేసు కాగితాలు చదివాక తేల్చుకోవాలి. ఆ కాగితాలు ఉచితంగా ఇవ్వాల్సిందే. చిన్న దెబ్బలాటల్లో చట్టప్రకారం రాజీ అయితే నిర్దోషిగా విడుదలైనట్టే లెక్క. నేరం రుజువైనా 1958 నాటి ప్రొబేషన్ చట్టం కింద మందలించి వదిలేయమనో, మంచి నడవడి పూచీకత్తు మీద పంపమనో అడగవచ్చు. అలా విడుదలైతే శిక్ష వల్ల వచ్చే అనర్హత వర్తించదని ఆ చట్టం 12వ సెక్షన్ చెబుతోంది. 5 వేల రూపాయల లోపు సొత్తు దొంగతనంలో మొదటిసారి దోషిగా తేలి, సొత్తు వెనక్కి ఇచ్చేస్తే, భారతీయ న్యాయ సంహిత ప్రకారం జైలుకి బదులు సమాజ సేవ శిక్ష వేస్తారు.

అపోహ: లాయరున్నాడుగా, వాయిదాకి నేనెందుకు?

పిలిచినప్పుడు మీరు లేకపోతే నాన్‌బెయిలబుల్ వారంట్ రావచ్చు. రాలేని రోజు ముందే ఫోన్ చేయండి, గైర్హాజరు పిటిషన్ వేస్తాం.

అపోహ: ఫ్రీ కదా, ఎవరిని ఇస్తే వాళ్లతో సర్దుకోవాలి

లాయరు కేసు పట్టించుకోకపోయినా, ఖర్చులని డబ్బడిగినా కార్యదర్శికి రాసివ్వండి, వేరే లాయరును ఇవ్వమని అడగండి. ఆఫీసు గుంటూరు జిల్లా కోర్టు ప్రాంగణంలోనే ఉంది. దరఖాస్తుకి తెల్ల కాగితం చాలు, రాయడం రాకపోతే నోటితో చెప్పినా రాసుకుంటారు. దూరంగా ఉంటే 15100కి ఫోన్ చేయండి, టోల్‌ఫ్రీ నంబరు. జైల్లో ఉన్నవాళ్లయితే అక్కడి లీగల్ ఎయిడ్ క్లినిక్‌లో ఉండే పారా లీగల్ వాలంటీరుకి చెప్పినా ఆ అర్జీ మా ఆఫీసుకు వస్తుంది.