చలికి వేళ్లు ఎందుకు కొంకర్లు పోతాయి?

అనంతపురం

పిల్లలూ, ఆశీస్సులు.

డిసెంబరు, జనవరిలో తెల్లవారుజామున ట్యూషనుకు సైకిల్ మీద పోయేటప్పుడు వేళ్లు కొంకర్లు పోయి బ్రేకు పట్టడం రావట్లేదని మీ అందరి ఫిర్యాదు. పొట్ట మాత్రం వెచ్చగానే ఉంటుంది, గమనించారా? అది ఒళ్లు కావాలని చేసే పనే.

గుండె, మెదడు 37 డిగ్రీల దగ్గర ఉండాలి. చర్మానికి చలి తగలగానే నరాలు చేతుల, కాళ్ల చివర ఉన్న సన్న రక్తనాళాలను బిగించేస్తాయి. వేడి రక్తం అక్కడిదాకా పోతే ఆ వేడంతా గాలిపాలే కదా. పైగా వేళ్లను ఆడించే పెద్ద కండలు ముంజేతిలో ఉన్నాయి. వేళ్లలో కండ లేదు కాబట్టి సొంతంగా వేడి పుట్టదు. చెవులదీ అదే పరిస్థితి. గోరు నొక్కి వదలండి. మామూలప్పుడు రెండు సెకన్లలో రంగు తిరిగి వస్తుంది, చలిలో ఆలస్యమవుతుంది.

ఇంకో తమాషా ఉంది. వేలిని ఐసు నీళ్లలో ముంచి ఉంచితే, 5 నుంచి 10 నిమిషాలకు నాళాలు కాసేపు తెరుచుకుని వేలు తనంతట తానే వేడెక్కి, మళ్లీ చల్లబడుతుంది. థామస్ లూయిస్ అనే బ్రిటిష్ వైద్యుడు 1930లో దీన్ని వివరంగా రాశాడు. మీరు ఇంట్లో చేసి చూడొద్దు.

అందుకే ఉత్త గ్లౌజులతో పని జరగదు. ముందు ఛాతీకి స్వెటర్, చెవులకు మఫ్లర్. ఒళ్లు వెచ్చగా ఉంటేనే వేళ్లకు రక్తం వదులుతుంది. మంచుకు తడిసిన గ్లౌజులు తీసేయండి. తడి, గాలి కంటే ఎన్నో రెట్లు వేగంగా వేడిని లాగేస్తుంది.

ఇంటికి రాగానే చలిమంటలో చేతులు పెట్టేవాళ్లున్నారు. మొద్దుబారిన చర్మానికి వేడి తెలియదు, బొబ్బలెక్కాకే తెలుస్తుంది. చంకల్లో పెట్టుకోండి. లేదా అప్పుడే వదిలిన బోరు నీళ్లలో పెట్టండి, చలికాలంలో అవి గోరువెచ్చగా ఉంటాయి. రక్తం తిరిగి పారేటప్పుడు జివ్వుమని సలపడం, దురద, ఎర్రబడటం మామూలే. కొద్ది నిమిషాల్లో తగ్గుతుంది.

మంచు కాటు వేరు. అది మన ఊళ్లో రాదు కానీ, మీలో మిలిటరీకో, హిమాలయాల్లో ట్రెక్కింగ్ క్యాంపుకో పోయేవాళ్లు ఉంటారు. చర్మం తెల్లగా, మైనంలా గట్టిపడి స్పర్శ పోతే లోపల నీరు గడ్డకట్టిందన్నమాట. రుద్దకూడదు, మంచు పలుకులు కండను చీలుస్తాయి. మళ్లీ గడ్డకట్టే అవకాశం లేని చోటికి చేరాకే 37–39 డిగ్రీల నీళ్లలో, 15 నుంచి 30 నిమిషాలు, మెత్తబడి ఎర్రబడేదాకా ఉంచాలి. నీళ్ల వేడి థర్మామీటరుతోనో, చేతులు బాగున్నవాళ్లు మోచేత్తోనో చూడాలి. నొప్పి బాగా ఉంటుంది. కరిగిన పాదాలతో నడవకుండా ఆసుపత్రికి మోసుకుపోవాలి.

మన చలికే ఎవరి వేళ్లైనా ముందు పాలిపోయి, తర్వాత నీలమై, ఆపై ఎర్రబడుతూ పదే పదే ఇలా అవుతుంటే, సిగ్గుపడకుండా అమ్మకు చెప్పి డాక్టరుకు చూపించుకోండి.

మీ తాతయ్య