గుమ్మడికాయల దొంగ, స్టాప్‌వాచ్

గుమ్మడికాయల దొంగ ఎవరంటే భుజాలు తడుముకున్నాడని మనవాళ్లు ఊరికే అనలేదు. ఆ తడబాటును గడియారం పెట్టి కొలిచినవాడు కార్ల్ గుస్తావ్ యుంగ్. ఈ స్విస్ వైద్యుడి పేరు వినగానే కలలు, పురాణ ప్రతీకలు గుర్తొస్తాయి. కానీ 1900లో జ్యూరిక్‌లోని బుర్గ్‌హోల్జ్లి మానసిక చికిత్సాలయంలో చేరాక ఆయన వేసుకున్న పునాది వంద మాటల జాబితా, సెకనులో ఐదో వంతు చూపే స్టాప్‌వాచ్.

మనం ఒక మాట అంటాం. వినగానే తట్టిన మొదటి మాట ఎదుటివాళ్లు చెప్పేయాలి. యుంగ్ జాబితా తల, ఆకుపచ్చ, నీళ్లు, పాడటం, చావు అంటూ మొదలవుతుంది. జవాబు, పట్టిన సమయం రాసుకోవాలి. వందా అయ్యాక మళ్లీ మొదటినుంచి చదువుతూ, ఇందాక దీనికి ఏం చెప్పారో గుర్తు చేసుకోమనాలి. తర్వాత సమయాలన్నీ చిన్నదాని నుంచి పెద్దదాకా పేర్చి, సరిగ్గా నడిమి అంకె తీసుకోవాలి. ఏ జవాబు ఆలస్యమైందో దాన్ని బట్టే తేలుతుంది. సగటు తీస్తే మోసపోతాం. రెండు మూడు జవాబులు ఇరవై సెకన్లు లాగితే చాలు, లెక్కంతా తప్పుతుంది.

అమీర్‌పేట హాస్టల్ కుర్రాడొకడు మే నెలలో ఈ పరీక్షకు కూర్చున్నాడనుకోండి. ‘నీళ్లు’ అంటే ఠక్కున ‘ట్యాంకర్’ అన్నాడు. అందులో రహస్యమేమీ లేదు. ‘అప్పు’ అనేసరికి “అప్పా?” అని తిరిగి అడిగి, నవ్వి, నాలుగు సెకన్లకు ‘బ్యాంకు’ అన్నాడు. తర్వాతి మాట ‘కిటికీ’, దానికీ ఆలస్యమే. రెండో విడతలో అప్పుకు ‘డబ్బు’ అన్నానంటాడు. బ్యాంకు అని ఎవరైనా అంటారు కాబట్టి జవాబును పట్టుకుని అర్థాలు తీయకూడదు. తిరిగి అడగడం, నవ్వు, ఆలస్యం, ఆ ఆలస్యం పక్క మాటకు పాకడం, చెప్పింది మరిచిపోవడం, ఇన్నీ ఒక్కచోటే గుమిగూడాయి చూడండి, పట్టుకోవలసింది అది. అతను దాచాలని దాచలేదు, నోరే ఆగింది. ఒక బలమైన ఉద్వేగం చుట్టూ ముడిపడిపోయిన ఇలాంటి జ్ఞాపకాలనే యుంగ్ కాంప్లెక్స్ అన్నాడు. “వాడికి కాంప్లెక్స్ రా” అని మనం న్యూనతకు వాడేస్తాం గానీ, ఆయన దృష్టిలో అవి లేని మనిషి లేడు.

హైదరాబాదులో ఈ పరీక్ష పెట్టడం కాస్త చిక్కే. ఇంట్లో తెలుగు, వీధిలో దక్కనీ, ఆఫీసులో ఇంగ్లీషు. మాట ఏ భాషలో చెప్పాలా అని తటపటాయించినా గడియారంలో ఆలస్యమే పడుతుంది. అందుకే ఏ భాషైనా సరేనని ముందే చెప్పాలి, పది మాటలు ఊరికే అలవాటు చేయించాలి, జవాబు పక్కన భాష కూడా రాయాలి. ఇంకొకటి, ‘పులి’కి ‘గిలి’ అనడం మనకు నోటికి అలవాటు. అర్థం వదిలేసి శబ్దాన్ని అందుకునే ఇలాంటి జవాబులు, ధ్యాస చెదిరినప్పుడు పెరుగుతాయని యుంగ్ ప్రయోగాల్లో తేలింది. అవి వరసగా పడుతుంటే మనిషి అలసిపోయాడేమో చూసి ఆపేయాలి. దొంగను పట్టడానికి మాత్రం దీన్ని నమ్ముకోకూడదు. తనను అనుమానిస్తున్నారన్న భయంతో అమాయకుడూ భుజాలు తడుముకుంటాడు.

వ్యక్తిత్వాన్ని యుంగ్ ఈ కోణంలోనే చూశాడు. లోకానికి చూపే ముఖం పర్సోనా, రోమన్ నటుల ముసుగు పేరది. మనది కాదని తోసేసిన గుణాలు నీడ. ఎదుటివాళ్లలో ఏ గుణం మనకు అంత కోపం తెప్పిస్తుందో గమనిస్తే ఆ నీడ జాడ దొరుకుతుందంటాడు. మనకు తెలియకుండానే పనిచేసే మనసులో, అంటే అచేతనంలో, మానవాళికంతా ఉమ్మడిగా ఒక భాగం ఉందన్న ఆయన వాదనకు మాత్రం స్టాప్‌వాచ్ లాంటి రుజువు దొరకలేదు. మాటల పరీక్షనూ ఈ వాదననూ ఒకే గాటన కట్టకూడదు.

అంతర్ముఖులు, బహిర్ముఖులు అన్న విభజన 1921 నాటి ఆయన పుస్తకంలోది. ప్రతి మనిషిలోనూ రెండు ధోరణులూ ఉంటాయని, ఏదో ఒకటి పైచేయిగా నిలుస్తుందని అందులోనే రాశాడు. దాని ఆధారంగా అమెరికాలో ఒక తల్లీ కూతురూ తయారుచేసిన, మనిషిని పదహారు గళ్లలో ఒకదాంట్లో కూర్చోబెట్టే ప్రశ్నావళి ఇప్పుడు కంపెనీల శిక్షణ తరగతుల్లో తిరుగుతోంది. మార్కులు నడిమి గీతకు దగ్గరగా పడ్డవాళ్లు కొన్ని వారాలకు మళ్లీ రాస్తే, ఒకటి రెండు జవాబులు మారినా చాలు, పక్క గడిలో తేలతారు.